ఈ చదువు మనిషిని ఏం చేస్తుంది? ఉద్యోగం సంగతి అడగడం లేదు

బీమ్ లెక్కలు

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. 23 ఏళ్లుగా ఇదే పని. మా అమ్మాయికి 17 ఏళ్లు. ఇంజినీరింగ్ వద్దట. లిబరల్ ఎడ్యుకేషన్ కోర్సులో చేరతానంటోంది. తత్వశాస్త్రం, చరిత్ర, సాహిత్యం, గణితం, ఏదో ఒక సైన్స్, అన్నీ కలిపి చదువుతారట. "దాంతో ఏం చేస్తావమ్మా?" అని అడిగాను. తను కాసేపు ఆలోచించి, "నీ చదువుతో నువ్వేం చేశావో నాకు తెలుసు నాన్నా. నీ చదువు నిన్నేం చేసింది?" అంది.

రెండు వారాలైంది. నాకు జవాబు దొరకలేదు.

ఈ రెండు వారాల్లో కొంత చదివాను. లిబరల్ అన్న మాటకు మూలం లాటిన్‌లో 'లిబెర్', అంటే స్వేచ్ఛ గలవాడు. ఎవరి కిందా బతకని మనిషికి తగిన చదువు అని అర్థమట. జాన్ స్టువర్ట్ మిల్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1867లో సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో మాట్లాడుతూ, లాయర్ అయినా డాక్టర్ అయినా ముందు మనిషే కదా, ఆ మనిషిని తయారుచేయడమే యూనివర్సిటీ పని అన్నాడు. చదివి తలూపాను. కానీ ఎలా తయారవుతాడన్నది నాకు అందలేదు. కాంక్రీటు సంగతి అడగండి, ఏడు రోజులకి ఎంత బలం వస్తుందో, 28 రోజులకి ఎంత వస్తుందో చెప్తాను, పరీక్షకి పోసిన కాంక్రీటు దిమ్మని పగలగొట్టి చూపిస్తాను. జ్యామితి, పాత నాటకాలు చదివిన మనిషిలో ఏ బలం వచ్చిందని చూస్తాం? ఎక్కడ పరీక్షిస్తాం?

ఇంకొక విషయం చెప్పాలి. ఈ ప్రశ్న నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం అదే.

ఉద్యోగంలో చేరిన ఐదో ఏడు. ఒక పాత భవనంలో ఆఫీసు గదులున్న అంతస్తును ఫైళ్లు దాచడానికి వాడుకుంటామన్నారు. ఆఫీసు గదికి మామూలుగా మేం వేసుకునే బరువు చదరపు మీటరుకు రెండున్నర, మూడు కిలోన్యూటన్లు, అంటే దాదాపు 250, 300 కిలోలు. గట్టిగా పేర్చిన కాగితం ఒక్క మీటరు ఎత్తుకే దానికి రెట్టింపు దాటిపోతుంది. కాగితం ఎంత బరువో మోసినవాళ్లకే తెలుసు. లెక్క వేశాను, స్లాబ్ సరిపోదని తేలింది. మీటింగులో చెప్పాను. అప్పటి మా సీనియర్ చాలా నెమ్మదిగా, "కూలిపోతుందని కచ్చితంగా చెప్పగలవా?" అని అడిగారు. చెప్పలేను. ఏ డిజైన్‌లోనైనా భద్రత కోసం కొంత అదనపు బలం వేసుకుంటాం, కాబట్టి ఆ బరువుకి కూలకపోవచ్చు కూడా. "కచ్చితంగా అంటే చెప్పలేను సర్" అన్నాను. "మరి ఇబ్బంది ఏముంది, సంతకం పెట్టు" అన్నారు.

పెట్టాను.

ఏమీ కాలేదు. రెండేళ్ల తర్వాత వేరే కారణంతో ఆ ఫైళ్లు తీసేశారని విన్నాను. కానీ ఆయన అడిగిన ప్రశ్నలోనే ఏదో తప్పుందని ఆ క్షణంలోనే నాకు అనిపించింది. ఏం తప్పో చెప్పడానికి మాట రాలేదు. 18 ఏళ్లుగా ఆ మాట నా గొంతులోనే ఉంది.

నాకు లెక్క వచ్చు. ఆ గదిలో నాకు కావలసింది లెక్క కాదు. అది ఏమిటి? మా అమ్మాయి చదవాలనుకుంటున్న చదువు దాన్ని ఇస్తుందా? లేక అది పుట్టుకతోనో, ఇంటి పెంపకంతోనో రావలసిందేనా?

తర్కం మాస్టారు

ఇంజినీరు గారూ, నేను 34 ఏళ్లు తర్కశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ గొంతులో ఆగిన మాట ఇది: "సర్, కూలుతుందని నేను నిరూపించాల్సిన పని లేదు. కూలదని మనం నిరూపించాలి." అంతే. నిరూపించే బాధ్యత ఎవరిదో ఆయన తిరగేశారు. అది మోసం చేద్దామని చేసి ఉండకపోవచ్చు, ఆయన కూడా గమనించి ఉండకపోవచ్చు. కానీ ప్రశ్న తిరగబడ్డాక మీ లెక్క ఎంత సరైనదైనా ఓడిపోతుంది.

మీరొక్కరే కాదండీ. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైంది, ఏడుగురు పోయారు. ముందు రోజు రాత్రి టెలిఫోన్ మీటింగులో రాకెట్ బూస్టర్లు తయారుచేసిన ఇంజినీర్లు, ఇంత చలిలో జాయింట్లలో ఉండే రబ్బరు రింగులు సరిగా పనిచేయవు, ఎగరేయొద్దు అని చెప్పారు. పై అధికారులు ఒప్పుకోలేదు. తర్వాత విచారణలో ఆ ఇంజినీర్లు ఏం చెప్పారో తెలుసా? అంతకు ముందెప్పుడూ ఎగరడం సురక్షితమని తామే నిరూపించాల్సి వచ్చేదట. ఆ రాత్రి మాత్రం ప్రమాదమని నిరూపించమన్నారట. అచ్చంగా మీ గదే. అదే విచారణ సంఘంలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఇంకొక సంగతి బయటపెట్టాడు. నౌక నాశనమయ్యే అవకాశం ఎంత అని అడిగితే పనిచేసే ఇంజినీర్లు వందలో ఒకటి అన్నారు, మేనేజ్‌మెంట్ లక్షలో ఒకటి అంది. ఒకే యంత్రం, ఒకే సంస్థ. వెయ్యి రెట్ల తేడా. అంత తేడా ఉందని వాళ్లు ఒకరికొకరు చెప్పుకోలేకపోయారు.

పాతకాలపు యూరప్ యూనివర్సిటీల్లో ఏడు విద్యలుండేవి. అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం అనే నాలుగింటికి ముందు మూడు నేర్పేవారు. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం. ఈ మూడూ కలిసే ఉండాలి. మాట సరిగా కట్టడం, వాదంలో ఏ మెట్టు ఊడిందో చూడటం, చూసినదాన్ని ఎదుటివాళ్ల చెవికి ఎక్కేలా చెప్పడం. మీకు ఆ రోజు రెండోదీ మూడోదీ కావలసి వచ్చాయి. అప్పటికప్పుడు, పైవాడి కళ్లలోకి చూస్తూ, చెమటలు పడుతుండగా కావలసి వచ్చాయి. అది పుస్తకం చదివితే రాదు. వందసార్లు చేస్తే వస్తుంది.

మా క్లాసులో నేను చేయించింది ఒకటి చెప్తాను. ఏదో ఒక వివాదం మీద ఇద్దరిని ఎదురెదురుగా పెట్టేవాణ్ని. ఎవరి వాదం వాళ్లు చెప్పుకోవడానికి ముందు, ఎదుటివాళ్ల వాదాన్ని కాగితం మీద రాయాలి. ఎదుటివాళ్లు చదివి, "అవును, నేననేది ఇదే" అని కింద సంతకం పెట్టాలి. సంతకం వచ్చేదాకా నోరు విప్పకూడదు. మొదట్లో అందరూ ఎదుటివాళ్లని మూర్ఖుల్లాగే రాస్తారు. ఒక కుర్రాడు ఏడుసార్లు తిరగరాశాడు. విసుక్కున్నాడు, కాగితం నలిపేశాడు. ఏడోసారి ఆ అమ్మాయి చదివి, "నాకన్నా నువ్వే బాగా చెప్పావు" అని సంతకం పెట్టింది. వాడు అభిప్రాయం మార్చుకోలేదు. గొంతు మారింది. అరవడం మానేశాడు.

మీరడిగిన 28 రోజుల పరీక్ష నా దృష్టిలో అదే. ఏడో కాగితం.

రాత్రి డ్యూటీ

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. మీరు బుర్ర సంగతి చెప్పారు. ఈయన మనిషి సంగతి కూడా అడిగారు. ఆ రెండూ ఒకటి కావు.

నేను నర్సుని. చివరి రోజుల్లో ఉన్న పేషెంట్ల వార్డులో పదకొండేళ్లుగా చేస్తున్నాను. ఒక పెద్ద డాక్టర్ గారు ఉండేవారు. ఆయన చదవని పుస్తకం లేదనేవారు, మాట్లాడితే వినాలనిపించేది. పేషెంట్‌కి ఇక ఆశ లేదని తేలిన రోజు నుంచి ఆ గదిలోకి వెళ్లేవారు కాదు. తలుపు దగ్గర నిలబడి చార్టు చూసి వెళ్లిపోయేవారు. మా వార్డులో నేల తుడిచే ఆవిడకి సంతకం కూడా రాదు. డ్యూటీ అయిపోయాక తనే లోపలికెళ్లి వాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఎవరూ చెప్పలేదు. చదువు మనిషిని చేస్తుందని ఎవరైనా అంటే నాకు వీళ్లిద్దరూ కళ్లముందు కనిపిస్తారు.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకుంటారేమో. 1942 జనవరి 20న బెర్లిన్ పక్కన వాన్‌జే అనే చోట పదిహేనుమంది నాజీ అధికారులు కూర్చుని యూరప్ యూదులందరినీ చంపే పని ఎవరెవరు ఎలా చేయాలో మాట్లాడుకున్నారు. ఆ పదిహేనుమందిలో సగానికి పైగా డాక్టరేట్లు ఉన్నవాళ్లు. ఇంకా వెనక్కి వెళ్లండి. సెనెకా అంతటి తత్వవేత్త పక్కన ఉండి చదువు చెప్పింది ఎవరికి? రోమన్ చక్రవర్తి నీరోకి. ఆ శిష్యుడు తల్లిని చంపించాడు. చివరికి క్రీ.శ. 65లో గురువునే చచ్చిపొమ్మని ఆజ్ఞాపించాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు కదా, ఉన్న మతి చెడ్డదైతే చదువు దానికి పదును పెడుతుంది, అంతే.

ఇంజినీరు గారూ, మీకు కోపం రాకుండా ఒకటి అడగనా? మాస్టారు చెప్పిన ఆ వాక్యం మీకు ఆ రోజే తట్టి ఉంటే అనేవారా? నిజంగా? ఇంకొకటి. ఫైళ్లు తీసేశారన్నారు. మీ సంతకం ఉన్న కాగితం తీసేశారా?

తర్కం మాస్టారు

అమ్మా, మీరు చెప్పినదానిలో ముప్పాతిక వంతు నేను ఒప్పుకుంటాను. వాన్‌జేలో కూర్చున్నవాళ్ల డాక్టరేట్లు ఎక్కువగా న్యాయశాస్త్రంలోవి, అది వృత్తి చదువు కదా అని వాదించవచ్చు. వాదించను. మంచి సంగీతం విని, మంచి కవిత్వం చదివి, పొద్దున్నే లేచి దుర్మార్గం చేసినవాళ్లు ఎందరో ఉన్నారు.

ఈ చదువుని అందరికన్నా గట్టిగా సమర్థించిన న్యూమన్ కూడా ఇదే అన్నాడు. 1852లో డబ్లిన్ కోసం రాసిన ఉపన్యాసాల్లో, జ్ఞానం వేరు, సద్గుణం వేరు అని తేల్చి చెప్పాడు. మనిషిలోని కామక్రోధాల మీదా అహంకారం మీదా చదువుతో యుద్ధానికి వెళ్లడం, మంగలి కత్తితో నల్లరాయిని కొట్టడం లాంటిదన్నాడు. పట్టుదారంతో ఓడని కట్టెయ్యడం లాంటిదన్నాడు. ఆయన క్రైస్తవ మతగురువు, ఈ విషయంలో భ్రమలు పెట్టుకోలేదు. మీరు చెప్పిన సెనెకా కూడా ఒక లేఖలో, ఈ చదువులు సద్గుణాన్ని ఇవ్వవు, దాన్ని అందుకోవడానికి మనసును సిద్ధం చేస్తాయి అని మాత్రమే రాశాడు. నీరో మనసు సిద్ధం కాలేదు. లేదా అందుకోవడానికి నిరాకరించింది. ఏదైనా ఓటమే.

కానీ మీ చివరి ప్రశ్న ఉంది చూశారా, "మీ సంతకం ఉన్న కాగితం తీసేశారా?" అని. నేను 34 ఏళ్లు నేర్పడానికి తంటాలు పడింది సరిగ్గా అలా అడగడం. ఈయన కథ నేనూ చదివాను, నాకు తట్టలేదు.

వెల్డర్

నాకు తర్కం గిర్కం తెలియదు. 41వ ఏట సాయంత్రం క్లాసుల్లో చేరాను. వెల్డింగ్ పని అయ్యాక ఆరున్నర నుంచి తొమ్మిది దాకా. చరిత్ర, సాహిత్యం, కొంచెం తత్వం. ప్రమోషన్ కోసం చేరలేదు, దాంతో రాలేదు కూడా. మా మేడమ్ నా మొదటి వ్యాసం తిరిగిచ్చినప్పుడు మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో తొమ్మిది చోట్ల ఒకటే మాట రాసి ఉంది: "ఇది మీకెలా తెలుసు?" చాలా అవమానంగా అనిపించింది. రెండు వారాలు క్లాసుకి వెళ్లలేదు. తర్వాత వెళ్లాను.

ఆ మాట నా వెంట పనికి కూడా వచ్చింది. ఒకసారి షాపులో ఖరీదైన గ్రైండర్ కనపడలేదు. కొత్తగా చేరిన కుర్రాడే తీశాడని మధ్యాహ్నానికల్లా అందరూ అనేస్తున్నారు. అంతకు ముందైతే నేనూ అనేవాణ్ని. "ఎవరు చూశారు?" అని అడిగాను. ఒకడు ఫలానావాడు చెప్పాడన్నాడు. వాణ్ని అడిగితే ఇంకొకణ్ని చూపించాడు. తిరిగి తిరిగి మొదటివాడి దగ్గరికే వచ్చింది. చూసినవాడు ఒక్కడూ లేడు. గ్రైండర్ ఇప్పటిదాకా దొరకలేదు. ఆ కుర్రాడు తీశాడో లేదో నాకు తెలియదు. కానీ ఆ రోజు వాడి పని పోలేదు.

నర్సమ్మా, నేను మంచివాణ్ని అయ్యానని చెప్పడం లేదు. ఒక చెడ్డ పని చేయడం నాకు ముందుకన్నా కష్టమైంది. అది మాత్రం నిజం.

ఇంకొకటి. ఈ చదువు స్వేచ్ఛ గలవాడిదని పైన రాశారు. మా క్లాసులో అరిస్టాటిల్ పాఠం వచ్చినప్పుడు నాకు ఒళ్లు మండింది. చేత్తో చేసే కూలిపని బుద్ధిని దిగజారుస్తుందని ఆయన అన్నాడు. నా చేతులు చూసుకున్నాను. ఇది నాకోసం కాదేమో అనుకున్నాను. ఆ తర్వాతి నెలలో మేడమ్ ఫ్రెడరిక్ డగ్లస్‌ని చదివించారు. అమెరికాలో బానిసగా పుట్టిన మనిషి. చాటుగా చదవడం నేర్చుకున్నాడు. పన్నెండేళ్లప్పుడు తను దాచుకున్న 50 సెంట్లు పెట్టి ఒక ఉపన్యాసాల పుస్తకం కొనుక్కున్నాడు. అందులో ఒక యజమానికీ, మూడోసారి పారిపోయి దొరికిన బానిసకీ మధ్య సంభాషణ ఉంది. యజమాని చెప్పే ప్రతి మాటకీ బానిస జవాబు చెప్తాడు. చివరికి యజమానే అతనికి స్వేచ్ఛ ఇచ్చేస్తాడు. డగ్లస్ దాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. 1845లో రాసిన తన కథలో ఆయన ఏమంటాడంటే, అంతకు ముందు తన మనసులో మెరిసి, చెప్పడానికి మాట లేక చచ్చిపోయిన ఆలోచనలకి అక్కడ నాలుక దొరికిందట.

ఇంజినీరు గారి గొంతులో ఆగిన మాట గురించి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. అందుకే రాయడం రాకపోయినా ఇంత రాశాను. డగ్లస్ ఇంకొకటి కూడా చెప్పాడు. చదవడం వచ్చాక చాలాకాలం అది శాపంలాగే ఉందట. తన స్థితి కనపడుతోంది, బయటపడే దారి కనపడటం లేదు. మీ అమ్మాయికి ఈ మాట కూడా చెప్పండి. ఈ చదువు హాయిగా ఉంటుందని మాత్రం చెప్పకండి.

బీమ్ లెక్కలు

అందరికీ ధన్యవాదాలు. జవాబు రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. కారణం చెప్తాను.

నర్సమ్మ గారూ, ముందు మీ మొదటి ప్రశ్న. ఆ వాక్యం తట్టి ఉంటే అనేవాణ్నా? నాకు 28 ఏళ్లు, అప్పుడే పెళ్లయింది, ఆ ఉద్యోగం నాకు చాలా అవసరం. నిజాయితీగా చెప్తే, అనేవాణ్ని కాదేమో. కానీ సంతకం పెట్టేటప్పుడు ఏం చేస్తున్నానో తెలిసి పెట్టేవాణ్ని. నాకు తెలియకుండా జరిగిపోయిందని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకునే అవకాశం ఉండేది కాదు. అది చిన్న తేడా అనుకోను.

రెండో ప్రశ్న దగ్గర నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఫైళ్లు తీశారు. కాగితం తీయలేదు. ఆ అంతస్తు నిల్వకు పనికొస్తుందని నా సంతకంతో ఉన్న సర్టిఫికెట్ ఇప్పటికీ ఆ భవనం రికార్డుల్లోనే ఉంటుంది. రేపు ఎవరైనా దాన్ని చూసి మళ్లీ అక్కడ కాగితాలు పేర్చవచ్చు. 18 ఏళ్లలో ఇది నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నా బాధే నాకు కనపడింది, స్లాబ్ కనపడలేదు.

భవనం చేతులు మారింది. ఇప్పటి యజమాని చిరునామా పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. పాత లెక్కల నోట్‌బుక్ ఇంట్లోనే ఉంది. మళ్లీ మొదటి నుంచి వేశాను, అదే జవాబు వచ్చింది. ఉత్తరం రాయడం మాత్రం లెక్కంత తేలిక కాలేదు. మొదటి ప్రతిలో అప్పటి సీనియర్ మీద రెండు పేరాలున్నాయి. మా అమ్మాయికి చూపించాను. తను చదివి, "ఇది చదివేవాళ్లకి ఏం తెలియాలి నాన్నా?" అంది. ఆ రెండు పేరాలూ కొట్టేశాను. మూడో ప్రతికి ఒక పేజీ అయింది. ఆ సర్టిఫికెట్ నేనే ఇచ్చాను, అది తప్పు, ఈ అంతస్తు మీద ఇంతకు మించి బరువు పెట్టకండి, లెక్క జతచేశాను, సందేహం ఉంటే వేరే ఇంజినీరుతో సరిచూపించుకోండి. అంతే రాశాను. నా లైసెన్స్ మీదకి ఏమైనా వస్తుందేమోనని టెన్షన్ ఉంది. సోమవారం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

మాస్టారూ, మీ కాగితం సంగతి కూడా ఇంట్లో ప్రయత్నించాం. ఆ కోర్సు వద్దు అనడానికి నా కారణాలని మా అమ్మాయి రాసింది, కావాలి అనడానికి తన కారణాలని నేను రాశాను. తను రెండోసారికే నా సంతకం తీసుకుంది. నేను నాలుగోసారి రాసి ఇచ్చాను. నిన్న రాత్రి వెనక్కి వచ్చింది. కింద సంతకం లేదు. మార్జిన్‌లో తన చేతిరాత: "ఇది నేననేది కాదు. ఇది నువ్వు నాకోసం భయపడేది."

ఐదోది రాయాలి.